నల్లమలలో ఈకల చెంచులు, అసలు చెంచులు

అచ్చంపేట, మన్ననూరు వైపు బస వెతుక్కునేవాళ్లకు ముందుగా ఒక మాట. ‘గిరిజన నృత్యం, చలిమంట, అడవి రుచులు’ అనే మూడూ ఒకే ప్రకటనలో కనిపిస్తే డబ్బు ముందే పంపకండి. మేము పంపాం. గది రాత్రికి 4,200 చొప్పున రెండు గదులు, భోజనం మనిషికి 350, నృత్యానికి విడిగా 2,500. ఇంత పెట్టి ఏం కొన్నామో చెబుతాను.

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా కారులో వెళ్లాం. దారి బాగుంది, డిండిలో టీ బాగుంది. నేను, మా ఆవిడ, ఆమె తమ్ముడు, అతని కొడుకు. కుర్రాడు బెంగళూరులో చదువుతున్నాడు, ఆమధ్యనే కర్ణాటకలోని ఆగుంబె చూసి వచ్చాడు. హాజీపూర్ దాటి అడవి మొదలవగానే కిటికీ దించి, “ఇదేనా మామయ్యా, ఇంతేనా?” అన్నాడు. ఆగుంబెలో ఏడాది పొడవునా తడి ఆరని అడవి. నల్లమల ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, వెదురు, తునికి, మొర్రి చెట్లు వేసవిలో మోడుల్లా నిలబడి, వానలు పడ్డాక మళ్లీ చిగురిస్తాయి. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో రమ్మంటాను. ఏప్రిల్‌లో వచ్చి పచ్చదనం లేదని తిట్టుకుంటే అడవి తప్పు కాదు.

పాత నాగార్జునసాగర్‌-శ్రీశైలం పులుల అభయారణ్యంలో 2014 తర్వాత తెలంగాణకు వచ్చిన భాగమే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 2,611 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నా, కొంత మన నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. ఈ సంగతి వినగానే మా బావమరిది, “అయితే మన అడవికి మనమే టికెట్టు కొనాలా బావా?” అని మొదలుపెట్టాడు. ఇంటికి చేరేదాకా ఆపలేదు.

ఇక ఆ బస. ఫోనులో చూపిన బొమ్మలో చెట్ల నడుమ వెదురు కుటీరం ఉంది. అక్కడికి వెళితే రేకుల షెడ్డు, దాని గోడకు వెదురు గీతల్లా వేసిన పసుపు రంగు. కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటర్. వేడినీళ్లు బకెట్‌కు 50 రూపాయలు. అడవి రుచులు అంటే ఏమిటని అడిగితే పనీర్ కూర, గోబీ మంచూరియా అన్నారు. బొంగులో చికెన్ కావాలంటే 900 అదనం. అది అరకు వైపు వంటకం, నల్లమలలో దాని పేరు చెప్పి అమ్మడమేమిటని అడిగాను. “అడవి అంటే అడవే కదా సార్” అన్నాడు మేనేజరు. అంత నిబ్బరంగా చెబితే మనమేం మాట్లాడతాం?

రాత్రి ఎనిమిదికి మంట వేశారు. ఆరుగురు కుర్రాళ్లు వచ్చారు. ఒంటికి మసి, నిక్కర్ల మీద కట్టుకున్న ఆకులు, తలకు రంగు వేసిన కోడి ఈకలు. స్పీకర్లో సినిమా పాట పెట్టి, మధ్యమధ్యలో ‘హుయ్ హుయ్’ అని అరుస్తూ మంట చుట్టూ తిరిగారు. పక్క గదుల్లోని వాళ్లు ఫోన్లు తీసి లేచి నిలబడ్డారు. “వీళ్లే చెంచులు, బయటి మనుషులతో కలవరు, వీళ్ల భాష మనకు అర్థం కాదు” అని మేనేజరు మైకులో వివరిస్తున్నాడు. చెంచుల భాష తెలుగే. అది తెలియనివాడు వాళ్లను అమ్ముకుంటున్నాడు.

మా ఆవిడ పాతికేళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషి. ఆట అయ్యాక ఒక కుర్రాడికి మంచినీళ్ల గ్లాసు అందించి, “ఏ ఊరు నాన్నా?” అని అడిగింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడట. రాత్రికి 300 ఇస్తారట. ఆరుగురిలో ఒక్కడు కూడా చెంచు కాదట. మసి కళ్లల్లో పడి నీరు కారుతోందని తుడుచుకుంటున్నాడు పాపం. వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. మేనేజరుతో మాట్లాడమని నా మీద కోప్పడింది.

మర్నాడు పొద్దున్నే ఫర్హాబాద్ సఫారీ. అది అటవీశాఖ నడిపేది. మాతో వచ్చిన గైడు చెంచు యువకుడు, ఖాకీ చొక్కా, చేతిలో చిన్న కత్తి. పులి కనిపించలేదు. దుప్పులు, కణుజులు, కొండముచ్చులు కనిపించాయి. పులి లేనందుకు మా బావమరిది ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. కానీ ఆ గైడు చూపించినవి చూడాలి. చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ల గీతలు, చెదల కోసం అది తవ్విపోసిన పుట్ట, ఎండిన వాగు ఇసుకలో రాత్రి నడిచిన జాడలు. ఏ పక్షి ఎందుకు అరుస్తోందో జీపు ఆపకుండానే చెప్పేవాడు. కొండ అంచున నిలబడితే కింద మైదానం, చెరువులు చాలా దూరం కనిపిస్తాయి.

ముందు రాత్రి ఆట సంగతి చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత, “మా తాత గోచి కట్టాడు సార్, విల్లు పట్టాడు. కోడి ఈకలు ఎప్పుడు పెట్టుకున్నాడో నాకైతే తెలియదు” అన్నాడు. శ్రీశైలం మల్లన్న తమ ఇంటి అల్లుడని చెప్పాడు. గారెల మైసమ్మకు మొక్కకుండా పాతకాలం వాళ్లు అడవిలో అడుగుపెట్టేవాళ్లు కాదన్నాడు. కొండచరియ మీది తేనెపట్టు కోసం దిగేవాడి తాడు పైన ఎవరు పట్టుకుంటారో తెలుసా అని అడిగాడు. సొంత అన్నదమ్ములు కాదు, భార్య తోడబుట్టినవాడు పట్టుకోవాలి. అక్కాచెల్లెలి పసుపుకుంకుమలు పోవాలని ఎవడూ కోరుకోడు కదా! ఆ మాటకు మా బావమరిది ముఖం విప్పారింది. తిరుగు దారంతా “బావా, నీ తాడు నా చేతిలో ఉంది” అని పాడిందే పాట.

ఒక్క సంగతి చెప్పేటప్పుడే గైడు గొంతు మారింది. పులుల కోసం అడవి లోపలి ఊళ్లను బయటికి పంపే పథకంలో కుటుంబానికి 15 లక్షలు ఇస్తారు. తీసుకోవాలా వద్దా అని ఇంట్లో రోజూ వాదనేనట. తండ్రి వద్దంటాడు, తమ్ముడు పోదామంటాడు. తన మాటేమిటో చెప్పలేదు. మేమూ గుచ్చి అడగలేదు.

మధ్యాహ్నం భోజనానికి తన అత్తగారింటికి తీసుకెళ్లాడు. జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిమిరప తొక్కు, చివర్లో రొట్టె మీద రెండు చెంచాల పుట్టతేనె. ఆ తేనె సీసాల్లో కొనేదానికంటే పలచగా, నల్లగా ఉంది. గొంతులో కాస్త ఘాటు తగులుతుంది. ఆగుంబె కుర్రాడు ఆరు రొట్టెలు తిన్నాడు. ముందు రాత్రి పస్తున్న మా ఆవిడ ఆ ఇంటావిడ పక్కనే పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తట్టడం మొదలుపెట్టింది. నలుగురికీ కలిపి 480 తీసుకున్నారు, అదీ మేము బలవంతం చేస్తే. బసలో నలుగురి ఒక్కపూట భోజనానికి మేము కట్టింది 1,400.

బస ఖాళీ చేసేటప్పుడు నృత్యం డబ్బు వెనక్కి ఇమ్మన్నాం. మేనేజరు ససేమిరా అన్నాడు. అప్పుడు మా బావమరిది, కొత్తగా దిగుతున్న రెండు కుటుంబాల ముందు నిలబడి, రాత్రి ఆడిన కుర్రాళ్లు ఏ కాలేజీలో చదువుతున్నారో పెద్దగొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాల్లో 1,500 చేతికొచ్చాయి. మిగతా వెయ్యి మంట కట్టెలకట.

మల్లెల తీర్థం జలపాతానికి మెట్లు మూడు వందలకు పైనే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే కూర్చోవచ్చు. ఉమామహేశ్వరం గుడి ప్రశాంతంగా ఉంది. దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూ పాయింట్‌లో కృష్ణా నది వంపులు చూడటానికి పది నిమిషాలు చాలు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు, గేటు దగ్గర బతిమాలి లాభం లేదు. పెట్రోలు అచ్చంపేటలోనే నింపుకోండి. వానాకాలంలో సఫారీ ఉండదు. పడుకోవడానికి అటవీశాఖ కుటీరాలు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, శని ఆదివారాలకు త్వరగా నిండిపోతాయి. భోజనం మాత్రం గైడునే అడగండి, కాకపోతే ముందురోజే చెప్పాలి. మనిషికి 120, నాటుకోడి అయితే 200.