పాలియేటివ్ కేర్ శిక్షణ: ఒక్కపూట సీఎంఈనా, ఆన్‌లైన్ కోర్సా, వార్డులో ఉండి నేర్చుకోవడమా?

కర్నూలులో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "చివరి దశ పేషెంట్లను చూసుకోవడం సరిగ్గా నేర్చుకోవాలనుంది, ఏ కోర్సు చేయమంటారు?" నయం కాని జబ్బులో నొప్పిని, బాధను తగ్గించే ఈ వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. దాన్ని నేర్చుకోవడానికి మన ముందున్న దారులు మూడు: హోటల్లో ఒక్కపూట జరిగే సీఎంఈ (డాక్టర్ల నిరంతర శిక్షణ సభ), ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ కోర్సు, సెలవు పెట్టి వెళ్ళి వార్డులో నేర్చుకోవడం. వీలున్నవాళ్ళకు మూడోదే మేలని నా అభిప్రాయం. అయితే అందరికీ వీలుండదు.

సీఎంఈ సంగతి త్వరగా తేల్చేద్దాం. డాక్టర్లు ఐదేళ్ళలో కనీసం 30 గంటలు ఇలాంటి సభలకు హాజరు కావాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి ఎలాగూ వెళ్తాం. చట్టంలో వచ్చిన మార్పులు తెలుసుకోవడానికి ఆ ఒక్కపూట చాలు. ఉదాహరణకు లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకున్నప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాలంది. 2023 జనవరిలో దాన్ని సడలించి, నోటరీ ముందు గానీ గెజిటెడ్ ఆఫీసర్ ముందు గానీ చేస్తే చాలంది. ఇలాంటివి గంటలో అర్థమవుతాయి. కానీ నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఎంత మందు, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో స్లైడ్లు చూసి చేతికి రాదు.

ఆన్‌లైన్ కోర్సులను నేను తక్కువ చేయను. ఆలూరులోనో పత్తికొండలోనో ఉన్న డాక్టరు ఊరు వదిలితే ఆ సీట్లో కూర్చునేవాళ్ళుండరు. అలాంటివాళ్ళకు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ వారి ఎనిమిది వారాల సర్టిఫికెట్ కోర్సు బాగా పనికొస్తుంది. తీవ్రమైన నొప్పికిచ్చే మార్ఫిన్ మాత్ర మామూలుగా నాలుగు గంటలకోసారి ఇవ్వాలని, మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయాలని, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో డోసు విషయంలో జాగ్రత్త పడాలని, ఇవన్నీ చదివి నేర్చుకోగలిగినవే. ఇంతకంటే నాకు నచ్చేది వీడియో కాల్‌లో నడిచే ఎకో పద్ధతి. అందులో మీ పేషెంటు కేసే మీరు చెబుతారు, అనుభవమున్నవాళ్ళు దాని మీదే మాట్లాడతారు. తిరువనంతపురంలోని పాలియం ఇండియా అనే పాలియేటివ్ కేర్ సంస్థ ఇలాంటివి నడుపుతోంది. అయితే డ్యూటీ దిగి, కెమెరా ఆఫ్ చేసి, అన్నం తింటూ వినే క్లాసు మాత్రం సర్టిఫికెట్‌కే పనికొస్తుంది.

ఇక వార్డు. నేను శిక్షణకు వెళ్ళినచోట ఒక పెద్దాయనకు మింగడం ఆగిపోయింది. కూతురు నర్సు చెయ్యి పట్టుకుని, "సిస్టర్, ఒక్క సెలైనన్నా ఎక్కించండి, కడుపు మాడ్చి చంపుతున్నామా మేము?" అంది. ఆ పరిస్థితిలో సెలైన్ ఎక్కిస్తే వాపు, గొంతులో గురగుర పెరగొచ్చు. నేనైతే అదే వివరించబోయేదాన్ని. ఆ సిస్టర్ ఏమీ వివరించలేదు. "నాన్నకు నోరు ఎండిపోతోందమ్మా, చూడు" అంటూ పెద్దాయన తల కొంచెం పక్కకు తిప్పింది. గాజుగుడ్డ నీళ్ళలో ముంచి, బాగా పిండి, ఆమె చేతికే ఇచ్చింది. పెదవులు, చిగుళ్ళు ఎలా తడపాలో పక్కనే నిలబడి చూపించింది. ఆకలి తెలియని దశకు వచ్చారని ఆ తర్వాతే చెప్పింది. కూతురు మళ్ళీ సెలైన్ మాట ఎత్తలేదు. ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అన్నది నాకు అక్కడే తెలిసింది.

పుండు దుర్వాసన సంగతీ అంతే. నోటి క్యాన్సర్ పుండు మీద మెట్రోనిడజోల్ మాత్ర పొడి చల్లితే వాసన తగ్గుతుందని పుస్తకంలో ఉంటుంది. ముఖం తిప్పుకోకుండా ఆ కట్టు విప్పడం మాత్రం పక్కన ఒకరు చేస్తుండగా చూస్తేనే వస్తుంది. మన దగ్గర ఇంకో అవసరం కూడా ఉంది. ఊపిరి ఉండగానే ఇల్లు చేర్చాలని అంబులెన్సులో హడావిడిగా తీసుకెళ్తారు. ఆ ఇంట్లో రాత్రి ఆయాసం పెరిగితే ఏం చేయాలి? చర్మం కింద సూది ఎలా ఉంచి పంపాలి? ఎవరికి ఫోన్ చేయమని చెప్పాలి? హోంకేర్ టీమ్‌తో కలిసి ఇళ్ళకు తిరిగితేనే ఇవి తెలుస్తాయి.

ఎక్కడికి వెళ్ళాలి? కర్నూలు వాళ్ళకు నా ఓటు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికే. దాదాపు 210 కిలోమీటర్లు, పైగా పేషెంట్లు మాట్లాడేది మన భాష. పాలియం ఇండియాలో ఆరు వారాల కోర్సు, పది రోజుల ఫౌండేషన్ కోర్సు కూడా ఉన్నాయి. ఊళ్ళో హోంకేర్ యూనిట్ పెట్టాలనుకునేవాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిన చోటది. కానీ అక్కడ మంచం పక్కన జరిగే మాటలు మలయాళంలో ఉంటాయి, మనం నేర్చుకోవాల్సిన సగం అక్కడే జారిపోతుంది. అనంతపురం వాళ్ళకు బెంగళూరులో చివరి దశ పేషెంట్లను చూసుకునే కరుణాశ్రయ దగ్గర.

ఆసుపత్రి ఒక్కరినే పంపగలనంటే? నేనైతే నర్సును పంపమంటాను. రాత్రంతా పేషెంటు దగ్గర ఉండేది ఆమే. డాక్టరు శిక్షణ కూడా తప్పదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక ఆసుపత్రికి మార్ఫిన్ అనుమతి తేలికైంది గానీ, రాసే డాక్టరుకు నొప్పి నివారణలో శిక్షణ ఉండాలి. ఆయన ఆన్‌లైన్లో చేయొచ్చు. ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో ఫీజు కట్టకముందే డ్రగ్ కంట్రోల్ ఆఫీసులో కనుక్కోండి.

విలేజ్ క్లినిక్‌లలోని మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి (ఎంఎల్‌హెచ్‌పీలకు), ఏఎన్ఎంలకు ఈ మూడింటిలో ఏదీ సరిగ్గా అతకదు. వాళ్ళకు కావలసింది జిల్లాలోనే, తెలుగులో, కట్టు కట్టడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం చేతులతో చేయించే రెండు రోజుల శిక్షణ. వార్డులో నేర్చుకుని వచ్చిన నర్సు ఉంటే ఆ పని ఆమెకే అప్పగించవచ్చు. అందుకు డ్యూటీలో వెసులుబాటు ఇవ్వమని సూపరింటెండెంటును ఆమెను పంపేముందే ఒప్పించండి.