జాగ్రత్త: అత్తమ్మ పేరు మీద అద్దె రసీదులు "చేసిపెట్టే" టాక్స్ కన్సల్టెంట్లతో

జనవరి రాగానే ఆఫీసుల్లో "ప్రూఫులు పెట్టండి" అని మెయిళ్లు మొదలవుతాయి. వాటి వెనకే వాట్సాప్‌లో ఇంకో రకం మెసేజ్‌లు కూడా వస్తాయి. హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పెంచుతాం, పన్ను తగ్గిస్తాం, మిగిలినదాంట్లో పది శాతం మాకివ్వండి చాలు అని. మొన్న మా పాత టీమ్ గ్రూపులో, నాకు అలా రసీదులు చేసిపెట్టిన మనిషి నంబరు మళ్లీ ఎవరో పెట్టారు. అది చూశాకే ఇది రాస్తున్నాను.

నేను మోసపోయాను అని రాస్తే సగమే నిజం. అతను చెప్పాడు, నేను తలూపాను. రెండేళ్లకు కలిపి 79,872 రూపాయల పన్ను మిగిలిందని మురిసిపోయి, చివరికి దాదాపు లక్షా నలభై వేలు కట్టాను. అతని ఫీజులు, తర్వాత పెట్టుకున్న ఆడిటర్ గారి ఫీజు ఇందులో లేవు.

మేం ఉండేది వనస్థలిపురంలో, అత్తమ్మ ఇంట్లో. మామయ్య టీచరుగా చేసి, రిటైరైన కొన్నేళ్లకు పోయారు. కింద అత్తమ్మ, పైన మేము, వంట ఒక్కచోటే. 2023 జనవరిలో అద్దె రసీదుల గడువు వచ్చినప్పుడు నా దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. పక్క సీటు అమ్మాయి ఒక నంబరు ఇచ్చింది. "మా అందరికీ ఆయనే చేస్తాడు, ఇంతవరకు ఏం ప్రాబ్లం రాలేదు" అంది. అతను ఆఫీసు కింద టీ కొట్టు దగ్గరికే వచ్చాడు. నా పే స్లిప్ చూసి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "నెలకు ఇరవై వేలు కిరాయి అని రాద్దాం మేడమ్. కరెక్టుగా సరిపోతుంది."

ఇరవై వేలే ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు చెప్పగలను. హెచ్‌ఆర్‌ఏలో పన్ను లేకుండా వదిలేసేది మూడు లెక్కల్లో ఏది తక్కువైతే అది: కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ మొత్తం ఒకటి, కట్టిన అద్దెలోంచి బేసిక్, డీఏల్లో పది శాతం తీసేస్తే మిగిలేది ఇంకొకటి, బేసిక్‌లో 40 శాతం మూడోది. ఆ మూడోది అప్పట్లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైల్లో ఉంటే 50 శాతం, హైదరాబాద్‌కు 40. నా బేసిక్ నెలకు 40,000, హెచ్‌ఆర్‌ఏ 16,000. ఏడాదికి 2,40,000 అద్దె అని రాసి, అందులోంచి 48,000 తీసేస్తే 1,92,000. కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ 1,92,000. బేసిక్‌లో 40 శాతం కూడా 1,92,000. మూడూ ఒకే అంకె దగ్గర కలిశాయి. ఎవరైనా అద్దె మాట్లాడుకుని ఇంట్లో దిగుతారు. మాకు మాత్రం మినహాయింపు ముందు తేలి, దానికి తగ్గ అద్దె తర్వాత పుట్టింది. అతని పనితనమంతా అదే. దానికి నా దగ్గర తీసుకున్నది నాలుగు వేలు, ఫోన్‌పేలో. రసీదు లేదు, బిల్లు లేదు.

ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. అత్తమ్మ పాన్ కార్డు ఫోటో తీసి పంపాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పన్నెండు రసీదులు పరిచి, ఒక్కొక్కదాని మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, ఆమెతో సంతకాలు పెట్టించాను. గడిచిన ఏప్రిల్ నుంచి ఇంకా రాని మార్చి దాకా అన్నీ ఒకే పూట, ఒకే నీలం పెన్నుతో. ఆరో సంతకం దగ్గర ఆమె కళ్లజోడు పైకి జరుపుకుని నా వైపు చూసింది. "ఏందమ్మా ఇది, నువ్వు నాకు కిరాయి ఇస్తున్నవా?"

"ఆఫీసు పని అత్తమ్మా, ఉత్తదే" అన్నాను. నవ్వి మిగతావి కూడా పెట్టింది. 2024 జనవరిలో ఒక పన్నెండు, 2025 జనవరిలో ఇంకో పన్నెండు. మొత్తం ముప్పై ఆరు రసీదులు. ఒక్క రూపాయి కూడా నా ఖాతాలోంచి ఆమె ఖాతాలోకి వెళ్లలేదు.

రిటర్నులు కూడా అతనే వేసేవాడు. "ఓటీపీ చెప్పండి మేడమ్" అని ఫోన్ చేస్తే, ఎల్బీ నగర్ మెట్రోలో నిలబడి ఓటీపీ చదివి వినిపించాను. ఆ ఓటీపీ అంటే నా సంతకమే. ఆ రిటర్నులో ఏముందో నేను చూశాను, ఒప్పుకున్నాను అని. ఇంకో సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. పోర్టల్‌లో నా ఈమెయిల్ చోట అతను కొత్తగా తయారు చేసిన ఐడీ ఒకటి పెట్టాడు. దాని పాస్‌వర్డ్ నాకు తెలియదు. పన్ను శాఖ ఏం పంపినా ముందు దాంట్లోకే పోతుంది. నా ఒక్కదానికే కాదు, ఇలాంటి వాళ్లు చాలామంది చేసే పనే ఇది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసినప్పుడు విడుదల చేసిన ప్రకటనలో కూడా ఈ సంగతి ఉంది. మూకుమ్మడిగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక మెయిల్ ఐడీలు తయారు చేస్తారు, తర్వాత వదిలేస్తారు, నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటాయి అని.

నాకు ఎస్సెమ్మెస్ కూడా వచ్చింది. మీ రిటర్నులో క్లెయిమ్ చేసిన మినహాయింపులు సరిచూసుకోండి, తప్పుంటే సవరించుకోండి అని. రోజూ వచ్చే కేవైసీ మోసాల మెసేజ్ అనుకుని డిలీట్ చేశాను. రెండోసారి వచ్చినప్పుడు హెచ్‌ఆర్‌లో అడిగితే, "ఇది నిజమైనదే, మీలా ఇంకో నలుగురు అడిగారు" అన్నారు. ఆ నలుగురిలో పక్క సీటు అమ్మాయి కూడా ఉంది.

అతనికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తాడు. "నేనేం చేశాను మేడమ్, డాక్యుమెంట్లు మీరిచ్చారు, ఓటీపీ మీరు చెప్పారు" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? తర్వాత ఇంకో ఉపాయం చెప్పాడు. పాత తేదీ వేసి వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయిద్దాం, మూడు వేలవుతుంది అని. దయచేసి ఈ పని చేయకండి. స్టాంపు పేపరు మీద నంబరు ఉంటుంది, ఎప్పుడు కొన్నారో ఉంటుంది. ఇప్పటిదాకా ఉన్నది తప్పుడు క్లెయిమ్. అది చేస్తే దొంగ పత్రం కూడా పుట్టించినట్టు. నేను వద్దన్నాక అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

రెండ్రోజులు నిద్ర లేదు. మా ఆయనకు తెలిసిన ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ అడిగింది రెండే ప్రశ్నలు. డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లిందా? అత్తగారి రిటర్నులో ఆ అద్దె చూపించారా? రెండింటికీ లేదన్నాం. అత్తమ్మ ఏటా రిటర్ను వేస్తుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద బ్యాంకు ముందే కోసిన పన్ను (టీడీఎస్) తిరిగి తెచ్చుకోవడానికి. అందులో పెన్షన్, వడ్డీ ఉన్నాయి, అద్దె లేదు. మా కంపెనీ పంపిన టీడీఎస్ లెక్కల్లో మాత్రం ఇంటి యజమాని అని అత్తమ్మ పాన్ ఉంది. ఒకచోట ఇచ్చినట్టు ఉంది, ఇంకోచోట తీసుకున్నట్టు లేదు. ఈ రెండూ కంప్యూటర్ పక్కపక్కన పెట్టుకోవడానికి ఎవరూ మన ఇంటికి రానక్కర్లేదు.

తర్వాత ఆవిడ మూడో ప్రశ్న వేశారు, అది ఇంకా ఇబ్బందిపెట్టింది. "ఇల్లు ఎవరి పేరున ఉంది?" అత్తమ్మదే కదా అన్నాను. జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను రసీదు తీసి చూస్తే మామయ్య పేరే ఉంది. ఆయన పోయాక పేరు మార్పిడి ఎవరూ చేయించలేదు, వీలునామా లేదు. అంటే ఆ ఇంట్లో అత్తమ్మతో పాటు మా ఆయనకూ, ఆడపడుచుకూ వాటా ఉంది. రసీదు మీద సంతకం పెట్టిన ఆమె ఒక్కతే యజమాని కూడా కాదు.

అసలు బాధ దీనికంటే పెద్దది. సొంతవాళ్లకు అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ తీసుకోవడం నేరమేమీ కాదు! అమ్మానాన్నలకు కట్టొచ్చు, అత్తగారికి కట్టొచ్చు, ఒకే కప్పు కింద ఉన్నా సరే. ఇల్లు నీది కాకూడదు, అద్దె నిజంగా కట్టాలి, తీసుకున్నవాళ్లు తమ ఆదాయంలో చూపాలి, అంతే. భార్య పేరున ఉన్న ఇంట్లో ఆమెతోనే ఉంటూ అద్దె కట్టిన భర్తకు 2013లో అహ్మదాబాద్‌లోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ మినహాయింపు ఇచ్చింది. 2017లో ముంబై ట్రిబ్యునల్ ముందు తల్లికి నగదుగా అద్దె ఇచ్చానన్న కూతురు మాత్రం ఓడిపోయింది. డబ్బు ఇచ్చినట్టు గాని, ఆ ఇంట్లో ఉన్నట్టు గాని చూపించలేకపోయింది.

ఆడిటర్ గారు ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఇంటి పేరు మార్పిడి ముందే అత్తమ్మ పేరు మీద పూర్తయి, నేను నెలనెలా ఇరవై వేలు ఆమె ఖాతాలో వేసి ఉంటే ఏమయ్యేది? ఏడాది అద్దె 2,40,000లో ముప్పై శాతం మరమ్మతుల కింద తీసేస్తే 1,68,000. ఫ్యామిలీ పెన్షన్ దాదాపు 2,60,000, వడ్డీ ఓ 90,000. ఫ్యామిలీ పెన్షన్‌కు ఉన్న 15,000, సీనియర్ సిటిజన్ల వడ్డీకి ఉన్న 50,000 మినహాయిస్తే మొత్తం 4,53,000. పాత పన్ను విధానంలో (హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు దొరికేది ఇందులోనే) అయిదు లక్షల లోపు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ ఉంది కాబట్టి ఆమె పన్ను సున్నా. నా మినహాయింపు నాకు చట్టబద్ధంగా వచ్చేది. ఆ డబ్బు ఎలాగూ మా ఇంట్లోనే తిరిగేది. ఆ కాగితం చూసినప్పుడు అతని మీద కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

జరిగినదాన్ని వెనక్కి వెళ్లి దిద్దలేం. గడువు దాటాక అదనంగా కట్టి తప్పు దిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్ను వేయడం ఒక్కటే దారి. 2025 ఆగస్టులో వేశాం. 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే 2022-23లో సంపాదించినదానికి, పన్ను 39,936, దాని మీద నెలకు ఒక శాతం చొప్పున 29 నెలల వడ్డీ, ముందస్తు పన్ను వాయిదాల వడ్డీ, ఆ మొత్తం మీద మళ్లీ 50 శాతం అదనం. ఆ ఒక్క ఏడాదికే ఎనభై వేలు. తర్వాతి సంవత్సరానికి అదనం 25 శాతమే కాబట్టి అరవై ఒక్క వేల దగ్గర ఆగింది. ఆలస్యమైన కొద్దీ ఈ అదనం పెరుగుతుంది. 2025 నుంచి గడువు నాలుగేళ్లకు పెంచారు గానీ మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం కట్టాలి. ఆ ఏడాది మీద విచారణ మొదలైతే, అప్పటి రూల్ ప్రకారం ఈ దారి కూడా మూసుకుపోయేది. అప్పుడు తప్పుడు వివరాలిచ్చినందుకు పన్ను మీద 200 శాతం జరిమానా పడొచ్చు. 2025 జనవరి రసీదుల ఏడాదికి రిటర్ను అప్పటికింకా వేయలేదు కాబట్టి బతికిపోయాను. అద్దె ఊసు లేకుండా వేసి, తక్కువపడ్డ పన్ను కట్టేశాను.

జూలై ప్రకటనలోనే ఇంకో అంకె ఉంది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సవరించుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారట. టెన్షన్ పడింది నేనొక్కదాన్నే కాదని కొంచెం ఊరట, సిగ్గు కూడా.

అందుకే మీరు ఇప్పటికే ఇలాంటి మనిషి చేత చేయించుకుని ఉంటే ఈ రాత్రే పోర్టల్‌లోకి వెళ్లి ప్రొఫైల్‌లో ఎవరి ఈమెయిల్, ఎవరి ఫోన్ నంబరు ఉన్నాయో చూడండి. మీది కాకపోతే మార్చి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. పాత రిటర్నులు డౌన్‌లోడ్ చేసి ఏమేం క్లెయిమ్ చేశాడో చదవండి. నా రిటర్నులో నేను అడగని రాజకీయ పార్టీ విరాళం లేదు గానీ పక్క సీటు అమ్మాయిదాంట్లో ఉంది, యాభై వేలు! ఆమె జీవితంలో ఏ పార్టీకీ రూపాయి ఇవ్వలేదు. ఇంకా చేయించుకోని వాళ్లు, "రీఫండ్‌లో ఇంత శాతం" అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. పని చేసే ఆడిటరు పనికి ఫీజు తీసుకుంటాడు, మీ పన్నులో వాటా అడగడు. ఇంట్లోవాళ్లకు నిజంగానే అద్దె కట్టాలనుకుంటే ముందు ఆస్తి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో చూసుకోండి.

ఈ ఏడాది నేను కొత్త పన్ను విధానంలోకి మారిపోయాను. నా జీతానికి 2025-26 నుంచి అందులో పన్నే లేదు, హెచ్‌ఆర్‌ఏ లెక్కతో పనే లేదు. పేరు మార్పిడికి మాత్రం దరఖాస్తు పెట్టాం. రసీదుల కట్టను చించేద్దామంటే ఆడిటర్ గారు వద్దన్నారు, ఎప్పుడైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చూపించాలట. అది అత్తమ్మ బీరువాలో మామయ్య సర్వీసు పుస్తకం కింద ఉంది. మొన్న ఒకటో తారీకున టీ తాగుతూ ఆమె అంది: "మూడేండ్ల కిరాయి బాకీ ఉన్నవ్ బిడ్డా, యాదికుందా?"