పిల్లల కోసం బిగించిన లాకులు, తెరవలేక నిలబడ్డ పెద్దలు

ముందే చెప్పేస్తున్నాను. పిల్లలు అరలూ తలుపులూ తెరవకుండా బిగించే ఈ సెట్టులో వచ్చిన అయస్కాంతపు లాకులకు ఐదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. బెల్టు లాకులకు రెండు. టేబుల్ మూలలకు అంటించే తొడుగులకు, ప్లగ్గు కన్నాల్లో పెట్టే మూతలకు సున్నా. కొత్తగా నడుస్తున్న పిల్లాడు ఇంట్లో ఉండి, ఇలాంటి సెట్టు కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. సున్నా ఎందుకు వేశానో తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి.

కొన్నది మా అమ్మాయి. బిగించింది అల్లుడు. వాళ్ళిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళాక పగలంతా వీటితో వేగేది మాత్రం నేనూ, మా ఆయనా. కాబట్టి రివ్యూ రాసే హక్కు నాదే. పెద్ద మనవరాలికి నాలుగేళ్ళు. చిన్నాడికి ఏడాదిన్నర. వాడికి కాళ్ళొచ్చినప్పటి నుంచి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. వంటింటి అరలోని గిన్నెలన్నీ బయటికి లాగేసి, ఖాళీ అయిన అరలో తాను కూర్చుని, లోపలి నుంచి తలుపు వేసుకుంటాడు. వాడి కోసం ఇల్లంతా వెతికి మేం అలిసిపోయాక తనంతట తానే బయటికొచ్చి నవ్వుతాడు. గిన్నెలైతే పర్వాలేదు. ఆ పక్క అరలోనే బట్టల సబ్బుపొడి, బాత్రూం కడిగే మందు ఉంటాయి. ఈ లాకులు కొన్నది అందుకే.

అయస్కాంతపు లాకు సంగతి చెబుతాను. తలుపు లోపలి వైపు ఒక ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. దానికి ఎదురుగా చట్రానికి ఇంకో ముక్క. తలుపు వేయగానే కొక్కెం పట్టుకుంటుంది. బయటికి ఏమీ కనబడదు, బొత్తం లేదు, కన్నం లేదు. లోపల కొక్కెం ఎక్కడుందో సరిగ్గా అక్కడ బయటి నుంచి అయస్కాంతపు కీ ఆనిస్తే టక్కున లేస్తుంది. పిల్లలకు పీకడానికి ఏమీ దొరకదు, దీని గొప్పతనమంతా అదే. చిన్నాడు మొదట తలుపు పట్టుకుని లాగాడు. తర్వాత కింద కూర్చుని, పక్క తలుపుకి రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాడు. ఆ తర్వాత తలుపుతో ఏదో మాట్లాడాడు. అదీ పనిచేయకపోయేసరికి నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తలుపు మీద పెట్టాడు. నాలుగున్నర మార్కులు అప్పుడే వేసేశాను.

పోయిన అర మార్కు మా ఆయన వల్ల. బయటికి ఏమీ కనబడకపోవడం పెద్దవాళ్ళకీ ఇబ్బందే కదా. ఆయన కీ పట్టుకుని, డాక్టరు స్టెతస్కోపుతో ఛాతీ అంతా వెతికినట్టు, తలుపంతా తడుముతారు. వెనకాల పెద్దది నిలబడి "ఇంకొంచెం పైకి తాతయ్యా... అబ్బా, అటు కాదు తాతయ్యా" అని దారి చెబుతుంటుంది. ఈ బాధ పడలేక గుర్తు కోసం ఒక చిన్న స్టిక్కరు అంటించాం. అది చూసి పెద్దది తన దగ్గరున్న స్టిక్కర్లన్నీ తెచ్చి ఇంట్లో ప్రతి తలుపుకీ అంటించి పుణ్యం కట్టుకుంది.

బెల్టు లాకు దగ్గరికొచ్చే ముందు ఒక పరీక్ష గురించి చెప్పాలి. నొక్కి తిప్పితే గానీ రాని మందు సీసా మూతలు చూసే ఉంటారు. అలాంటి మూతని 1967లో కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల డాక్టరు ముందుకు తెచ్చారు. చిన్నపిల్లలు మందులు మింగి ఆసుపత్రికి రావడం చూసి చూసి ఆయన పట్టుబట్టిన పని అది. 1970లో అమెరికాలో దీని మీద చట్టమే వచ్చింది. ఆ దేశంలో ఇలాంటి మూతలకు పెట్టే పరీక్ష నాకు భలే నచ్చింది. 42 నుంచి 51 నెలల వయసు పిల్లల చేతికి సీసా ఇచ్చి ఐదు నిమిషాలు చూస్తారు. తర్వాత ఎలా తీయాలో ఒకసారి చేసి చూపించి, ఇంకో ఐదు నిమిషాలు ఇస్తారు. కావాలంటే పళ్ళు కూడా వాడొచ్చని వాళ్ళే చెబుతారు. చూపించకముందు నూటికి 85 మంది, చూపించాక కూడా 80 మంది తీయలేకపోవాలి. ఇంతటితో అయిపోలేదు. అదే సీసాని 50 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి ఇస్తే నూటికి 90 మంది తీసి మళ్ళీ సరిగ్గా పెట్టగలగాలి. పిల్లల్ని ఆపడం ఒక్కటే సరిపోదు, నాలాంటి దాన్ని ఆపకూడదు కూడా.

మేం కొన్న సెట్టు మీద అలాంటి పరీక్ష మాటే లేదు. ఆ లోటు మా ఇంట్లో తీరింది.

బెల్టు లాకు అంటే తలుపుకీ పక్క చెక్కకీ అడ్డంగా అంటించే ప్లాస్టిక్ పట్టీ. చివర ఉన్న రెండు బొత్తాలు ఒకేసారి నొక్కితే ఊడుతుంది. తడి చేత్తో పట్టుకుంటే జారిపోతుంది. కీళ్ళనొప్పులున్న నా వేళ్ళకి అదొక శిక్ష. దీన్ని ఫ్రిజ్‌కి వేశాం. పెద్దది కొన్నాళ్ళపాటు నోరెత్తకుండా నా చేతులకేసి చూసింది. ఒకరోజు ఫ్రిజ్ ముందు చతికిలబడి, ఒక బొత్తం బొటనవేలితో, ఇంకోటి పళ్ళతో నొక్కి తీసేసింది. పళ్ళ సంగతి అమెరికా వాళ్ళు ఊరికే పెట్టలేదన్నమాట. తీశాక తమ్ముడికేసి తిరిగి "నువ్వు చిన్నవాడివి, నీకు రాదు" అని చెప్పి, తలుపు బార్లా తెరిచి, ఫ్రిజ్ వాడికే అప్పగించి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏ తలుపు రాకపోయినా వాడు నా దగ్గరికి రావడం లేదు, తిన్నగా అక్క దగ్గరికే పోతున్నాడు.

మా ఆయనకి డెబ్బై దాటాయి కాబట్టి ఆ పరీక్షలో ఆయన లెక్కలోకి రారు. వస్తే పెద్దవాళ్ళ వైపు నుంచి కూడా బెల్టు లాకు ఫెయిలయ్యేది. ఆయన దాన్ని తీయరు, తీయమని నన్ను కేకేస్తారు. సరిగ్గా అప్పుడే నేను చిన్నాడికి లాగు తొడుగుతూ ఉంటాను. నేను తల తిప్పగానే వాడు ఒక కాలికి లాగు ఈడ్చుకుంటూ పారిపోతాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి వచ్చేసరికి ఆ లాగు కూడా ఉండదు. రెండు మార్కులైనా ఎందుకు వేశానంటే, మనవరాలు పడుకున్న వేళ చిన్నాడి ఒక్కడి మీదైతే ఇది బాగానే పనిచేస్తుంది.

కీ పోయిన రోజు గురించి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. కీని ఫ్రిజ్ పక్కన, పిల్లలకి అందనంత ఎత్తులో అతికించి ఉంచుతాం. ఆ రోజు అక్కడ లేదు. అంట్లు తోమే సబ్బు, చెత్త సంచులు, అన్నీ లాకు వేసిన అరలోనే ఉన్నాయి. ఫ్రిజ్ మీది బొమ్మల అయస్కాంతాలన్నీ తెచ్చి ఆనించి చూశాం. ఒక్కదానికీ కదల్లేదు. మా ఆయన అల్లుడికి ఫోన్ చేస్తే, ఆయన మీటింగులో ఉండి "సోఫా కింద చూడండి మామయ్యగారూ" అని గుసగుసగా చెప్పారు. సోఫా కింద నా పాత కళ్ళజోడు, రెండు రిమోట్ మూతలు దొరికాయి, కీ దొరకలేదు. సాయంత్రం అమ్మాయి వచ్చి బట్టలు తీస్తుంటే వాషింగ్ మెషీన్‌కి కింద, నేలకి జానెడు ఎత్తులో కనిపించింది. అంత కిందకి వంగి అతికించగల మనిషి మా ఇంట్లో ఒక్కడే. అక్కడికి దాన్ని ఎవరు దించి ఇచ్చారో మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. పెద్దదాన్ని అడిగితే "నాకు తెలీదు, నేను స్టూలు ఎక్కలేదు" అంది. స్టూలు మాట నేను ఎత్తనే లేదు.

నవ్వులాటకి కాకుండా ఒక మాట. ఈ కీలో ఉండేది బలమైన అయస్కాంతం. పై ప్లాస్టిక్ పగిలిందంటే ఆ కీని ఇంక వాడకండి, పిల్లల చేతికి అందనివ్వకండి. ఇలాంటి బలమైన అయస్కాంతాలు రెండు గానీ, ఒకటీ దానితోపాటు ఏదైనా ఇనుప ముక్క గానీ కడుపులోకి పోతే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి అతుక్కుంటాయి. పేగుకి చిల్లు పడేదాకా వెళ్తుంది.

మూల తొడుగులకు సున్నా ఎందుకంటే, చిన్నాడు వాటిని తలకి తగలకుండా కాపాడేవిగా చూడలేదు. పీకి నమలడానికి పెట్టినవనుకున్నాడు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల కోసం అమెరికాలో ఒక గొట్టం కొలత ఉంది. వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1. అందులో ఏ ముక్క అయినా పూర్తిగా పట్టేస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఈ తొడుగు అందులో హాయిగా పడుతుంది. మేం ఆ టేబుల్‌నే తీసి గదిలో పెట్టేశాం. ప్లగ్గు మూతలు కూడా అంతే, ఊడదీసి నోట్లో పెట్టుకోవడానికి బాగుంటాయి. ప్లగ్గు పెడితే గానీ కన్నాలు తెరుచుకోకుండా లోపల తెర ఉన్న సాకెట్లు ఉన్నచోట వీటి అవసరమే లేదు. బ్రిటన్‌లో ఆరోగ్య శాఖ ఆసుపత్రులకూ సంరక్షణ కేంద్రాలకూ వీటిని వాడొద్దని 2016లో చెప్పింది.

బిగించేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. సింకు కింద తేమ ఉంటుంది, అక్కడ అంటించేది నిలవదు. డబ్బాలో స్క్రూలు ఇచ్చారు, అక్కడ అవే వాడండి. మిగతాచోట్ల జిడ్డు పూర్తిగా తుడిచి, అంటించాక ఒక రోజైనా తలుపు ముట్టుకోకుండా వదిలేయండి. ఇనుప బీరువాకి అయస్కాంతపు లాకులు పనికిరావు.

అన్ని అరలకీ లాకులు వేసుకుని ఇంటిని కారాగారం చేసుకోవద్దు. గిన్నెల అర మేం వదిలేశాం, వాడి కాపురం అక్కడే. మందులు, కడిగే మందులు, కత్తులు, బటన్ బ్యాటరీలు, ఈ నాలుగింటికీ వేయండి చాలు. బటన్ బ్యాటరీని చిన్నదని తీసిపారేయకండి. మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. అనుమానం వస్తే చాలు, తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తాలి. లాకు ఉంది కదా అని పిల్లాణ్ణి వదిలేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళకి ఇది పనికిరాదు. నేను అటు తిరిగి ఇటు తిరిగే వ్యవధి మాత్రం ఇస్తుంది, దానికే కొనొచ్చు.

తయారు చేసినవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. కీలు రెండే ఇస్తున్నారు. ఇంకో రెండు పెట్టండి, లేదా కీలు విడిగా అమ్మండి. రెండో కీ మా అమ్మాయి హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయి రోజూ ఆఫీసుకి వెళ్ళొస్తోంది.