సెల్ఫ్ తిరుగుతోంది, కారు స్టార్ట్ కావడం లేదు: సర్వీస్ సెంటరా, కీ మేకరా, బైపాసా?

తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే కొడుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. లేదంటే అందుకున్నట్టే అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతోంది. మీటర్ల దగ్గర తాళంచెవి బొమ్మో, కారు మీద తాళంచెవి బొమ్మో మిణుకుమిణుకుమంటోంది. ఇలా ఉంటే ముందు అనుమానించాల్సింది ఇమ్మొబిలైజర్‌నే, అంటే సరైన తాళం కాకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని దొంగతనం నిరోధక ఏర్పాటునే. దాన్ని బాగుచేయించడానికి మన ఊళ్లలో మూడు దారులున్నాయి: కంపెనీ సర్వీస్ సెంటర్, బయటి కీ మేకర్, లేదా ఆ ఏర్పాటునే తీయించేసే బైపాస్.

నా అభిప్రాయం ముందే చెప్తాను. తాళం తిప్పి స్టార్ట్ చేసే మామూలు కారుకు, ఒక తాళమైనా పనిచేస్తుంటే, పని తెలిసిన కీ మేకర్ మేలు. బటన్ స్టార్ట్ కారుకు, వారంటీలో ఉన్న కారుకు, తాళాలన్నీ పోయిన కారుకు సర్వీస్ సెంటర్ మేలు. బైపాస్ జోలికి, కింద చెప్పబోయే ఒక్క సందర్భంలో తప్ప, పోవద్దు.

అయితే వీళ్లలో ఎవరికీ ఫోన్ చేయకముందే తేల్చుకోవాల్సింది కొంత ఉంది. తాళం తలకాయలో ఒక చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న కాయిల్ నుంచే దానికి శక్తి అందుతుంది, అది తన కోడ్ చెప్తుంది, కారు కంప్యూటర్ సరిచూసుకుంటుంది. సరిపోలకపోతే చాలా కార్లలో ఇంధనమో స్పార్కో ఆగిపోతుంది, కొన్నిట్లో సెల్ఫే తిరగదు. కాబట్టి ‘రిమోట్‌తో డోర్లు తెరుచుకుంటున్నాయి, తాళం బాగానే ఉంది’ అనుకోవడానికి లేదు. డోర్ల సంగతి రిమోట్ చూసుకుంటుంది, స్టార్టింగ్ సంగతి చిప్ చూసుకుంటుంది.

అందుకే మొదటి పరీక్ష స్పేర్ కీ. గుత్తిలోని మిగతా తాళాలన్నీ తీసేసి, ముఖ్యంగా ఇంకో బండి చిప్ తాళం పక్కన లేకుండా చూసి, స్పేర్‌తో ప్రయత్నించండి. స్టార్ట్ అయితే లోపం పాత తాళంలోనే ఉంది, కారు జోలికి ఎవరూ పోనక్కర్లేదు. రెండు తాళాలతోనూ కాకపోతే కాయిల్, వైరింగ్, ఇమ్మొబిలైజర్ కంట్రోల్ యూనిట్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసుకుని వెళ్తే ఎదుటివాళ్లు చెప్పే మాటలో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది.

తాళం షెల్ ఈ మధ్యే మార్పించి ఉంటే ఇంకో పని కూడా చేయండి. బటన్లు అరిగాయని రెండు మూడు వందలు పెట్టి రోడ్డు పక్క కొత్త షెల్ వేయిస్తాం. సర్క్యూట్ బోర్డు కొత్త దాంట్లోకి మారుతుంది. చాలా తాళాల్లో చిప్ మాత్రం ఆ బోర్డు మీద ఉండదు. గోరంత నల్లటి ముక్కలాగానో, సన్నటి గాజు గొట్టంలాగానో షెల్ మూలలో విడిగా దూర్చి ఉంటుంది. అది పాత షెల్లోనే ఉండిపోయి చెత్తబుట్టలోకి పోతుంది. కొత్త తాళం నిగనిగలాడుతుంది, డోర్లు తెరుస్తుంది, కారు మాత్రం కదలదు. పాత షెల్ పారేయకపోతే దాన్ని విప్పి చూడండి.

సెల్ఫ్ కొట్టినప్పుడు టిక్‌టిక్‌మని లైట్లు మసకబారితే అది బ్యాటరీ సమస్య. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ కారు ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. బాగా పడిపోతే కంప్యూటర్ కూడా తికమకపడి ఇమ్మొబిలైజర్ లైటు వెలిగించవచ్చు. తాళం ఆన్ చేయగానే ఆ లైటు మామూలుగా వెలిగి ఆరిపోతుంటే, సెల్ఫ్ కూడా తిరుగుతుంటే, ఫ్యూయల్ పంప్, క్రాంక్ సెన్సార్ లాంటివి చూపించండి. అలాంటప్పుడు కీ ప్రోగ్రామింగ్‌కు డబ్బులివ్వడం దండగ. ట్యాక్సీలకూ లోన్ బండ్లకూ బయట బిగించే జీపీఎస్‌లలో ఇంజన్ ఆపే రిలే (ఒక రకం స్విచ్) ఒకటి ఉంటుంది. అది పాడైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, కానీ కారుతో వచ్చిన ఇమ్మొబిలైజర్ లైటు మాత్రం మామూలుగానే ఆరిపోతుంది. ఆ పని ఆటో ఎలక్ట్రీషియన్‌ది.

ఇక పోలిక. సర్వీస్ సెంటర్ బలం కోడ్. వాళ్లు కారు ఛాసిస్ నంబర్ మీద కంపెనీ నుంచి పిన్ తెప్పించుకోగలరు, ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూసి మరీ తాళం ఇస్తారు. లోపం కంట్రోల్ యూనిట్‌లో ఉంటే కొత్తది వేసి కారుకు జతచేసే సౌకర్యమూ వాళ్ల దగ్గరే ఉంటుంది. టెన్షన్ అంతా ఖర్చు, సమయం దగ్గర. కారు కదలదు కాబట్టి టోయింగ్ తప్పదు. తాళం ఆర్డర్ పెట్టి తెప్పించడానికి రోజులు పడుతుంది. బటన్ స్టార్ట్ కార్ల స్మార్ట్ కీ కొన్ని మోడళ్లకు పది వేలు దాటుతుంది. బీమా పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ యాడ్-ఆన్ ఉంటే అందులో కొంత తిరిగొస్తుంది, అందుకోసమే పోయిన తాళానికి పోలీసు ఫిర్యాదు కాపీ, అసలు బిల్లు దాచుకోవాలి.

కీ మేకర్ బలం ఇంటికే రావడం. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల ఇలాంటి పనివాళ్లు దొరుకుతారు. పాత తాళం పనిచేస్తుంటే చాలా మోడళ్లకు అక్కడికక్కడే ఇంకోటి చేసిస్తారు, ఖర్చూ బాగా తగ్గుతుంది. బలహీనత ఏమిటంటే అందరి పనీ ఒకలా ఉండదు. చేయి తిరిగినవాడు ముందు స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చదువుతాడు. ఉదాహరణకు పీ0513 అంటే తాళం కోడ్ సరిపోలలేదని, యూ0167 అంటే ఇమ్మొబిలైజర్ యూనిట్‌తో మాట్లాడలేకపోతున్నానని కంప్యూటర్ చెప్తోంది. రెండింటికీ మందు ఒకటి కాదు. స్కానర్ బయటికి తీయకుండానే ‘ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) పోయింది సార్’ అనేవాడిని అక్కడి నుంచే పంపించేయండి.

బటన్ స్టార్ట్ కారైతే ముందు తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కి చూడండి. రిమోట్ బ్యాటరీ అయిపోయినా చాలా కార్లు ఇలా స్టార్ట్ అవుతాయి. కొన్నిట్లో తాళం ఆనించే చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. ఒక బిళ్ల బ్యాటరీతో పోయే పనికి వేలు పోయకండి.

బైపాస్ విషయంలో గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ‘ఒకసారి తీసేస్తే జీవితంలో మళ్లీ ఈ గొడవ ఉండదు’ అని చెప్పి చేసేస్తారు. ఆ తర్వాత ఆ కారుకు మిగిలేది ఇనుప తాళం ఒక్కటే. అలాంటి కార్ల గతి ఏమవుతుందో అమెరికాలో కళ్లారా చూశాం. 2015 మోడల్ కార్లలో మిగతా కంపెనీలవి 96 శాతం ఇమ్మొబిలైజర్‌తో వస్తే, హ్యుందాయ్, కియాలవి 26 శాతమే వచ్చాయి. దొంగతనం ఎంత తేలికో వీడియోల్లో పాకిపోయాక 2021 నుంచి ఆ కార్ల చోరీలు పెద్ద ఎత్తున జరిగాయి, చివరికి 2023లో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ పాత హ్యుందాయ్ కొనబోయే మనవాళ్లు ఇమ్మొబిలైజర్ ఉందో లేదో, ఆ అప్‌డేట్ పడిందో లేదో కనుక్కునే కొనాలి. ఇక్కడైతే బైపాస్ చేయించిన కారు పోయినప్పుడు బీమా క్లెయిమ్‌లో పేచీ రావచ్చు, వారంటీ సంగతీ అంతే.

ఆ ఒక్క సందర్భం ఏమిటంటే, పార్టే దొరకని పాత కారు. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. అలాంటి కారుకు ఇమ్మొబిలైజర్ యూనిట్ కాలిపోయి, సర్వీస్ సెంటర్ కూడా చేతులెత్తేస్తే కారును తుక్కుకు వేయమని చెప్పలేను. అప్పుడు నమ్మకమైన చోట తీయించండి, అదే రోజు గేర్ లాక్ బిగించండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా, కీ మేకర్‌ను పిలిచినా, డబ్బులిచ్చే ముందు కారు కంప్యూటర్‌లో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో స్కానర్ మీద చూపించమనండి. పోయిన తాళం కోడ్ తీసేయించండి, లేకపోతే అది దొరికినవాడికి మీ కారు స్టార్ట్ అవుతుంది. మీ దగ్గరున్న ప్రతి తాళంతోనూ ఇంజన్ ఒకసారి స్టార్ట్ చేసి ఆపి చూశాకే వాళ్లను పంపండి. కారు చోరీకి గురైతే బీమావాళ్లు సాధారణంగా రెండు తాళాలూ అడుగుతారు కాబట్టి, పనిచేయని పాత తాళాన్ని కూడా పారేయకుండా బీరువాలో పెట్టండి.