చలికాలపు మసక వెలుగులో రేసు ఫొటోలు: కెనాన్ 70-200 ఎఫ్/2.8 రెండో తరం లెన్స్ రివ్యూ

డిసెంబరు, జనవరి నెలల్లో వరంగల్ చుట్టుపక్కల మట్టి ట్రాకుల మీద డర్ట్ బైకులనో, ఆటోక్రాస్ (మట్టి ట్రాకు మీద టైముతో పోటీపడే రేసు) కార్లనో, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కట్టిన బగ్గీలనో ఫొటో తీయాలంటే మొదటి చిక్కు వెలుగుతోనే. పొద్దుగాల పొగమంచు ఓ పట్టాన విడవదు. సాయంత్రం నాలుగున్నర దాటేసరికి సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు, ఆరు గంటల ప్రాంతంలో పొద్దుగూకుతుంది. వీటికి తోడు చెల్క నేలల ఎర్రదుమ్ము. ఈ మూడింటినీ తట్టుకునే లెన్స్ ఏదని అడిగితే మా సమాధానం ఒకటే: కెనాన్ ఈఎఫ్ 70-200 ఎంఎం ఎఫ్/2.8 ఎల్ ఐఎస్, రెండో తరం. పాతదే, కానీ ఈ పనికి ఇప్పటికీ గట్టి సరుకు.

2010లో వచ్చిన లెన్స్ ఇది. బరువు 1,490 గ్రాములు, ఫిల్టర్ సైజు 77 ఎంఎం. 2018లో మూడో తరం వచ్చాక ఇక సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. మూడో తరంలోనూ గాజు అమరిక ఇదే, మారింది పైపూత. 7డీ మార్క్ టూ, 80డీ లాంటి క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా బాడీలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడి అంకెలు ఇస్తున్నాం.

ముందు ఎఫ్/2.8 సంగతి. లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె ఇది, చిన్నదైతే ఎక్కువ వెలుగు. మబ్బుగా ఉన్న సాయంత్రం 1/500 సెకను షట్టర్ స్పీడుకు ఈ లెన్స్ ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే స్థాయి) 1600 అడిగిందనుకోండి. అదే వెలుగులో 55-250 కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే రకం) చివరికి జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ 6400 కావాలి. 7డీ మార్క్ టూలో 1600 హాయిగా వాడుకోవచ్చు; 6400లో హెల్మెట్ మీది స్టిక్కర్ల అక్షరాలు గరుకుగా చెదిరిపోతాయి. ఇంకో లాభం చాలామంది లెక్కలోకి తీసుకోరు. లెన్స్ ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఫోకస్ చేస్తుంది; మీరు ఎఫ్/4 పెట్టినా అపర్చర్ మూసుకునేది క్లిక్ పడే క్షణంలోనే. అంటే మసక వెలుగులో ఆటోఫోకస్‌కు అందే కాంతి ఎప్పుడూ ఎఫ్/2.8దే. పైగా ఈ రెండు బాడీల్లోనూ నడిమి ఫోకస్ పాయింట్ ఎఫ్/2.8 లెన్స్ ఉన్నప్పుడే పూర్తి పదునుతో పనిచేస్తుంది. కాబట్టి వెలుగు తగ్గాక పక్క పాయింట్లు వదిలేసి నడిమి పాయింటుకు రండి.

ఎఫ్/2.8లో ఫోకస్ లోతు (బొమ్మ పదునుగా వచ్చే దూరాల మేర) చాలదన్న భయం సగమే నిజం. 200 ఎంఎం దగ్గర 20 మీటర్ల దూరంలో లోతు మీటరు చిల్లర మాత్రమే. ఎదురుగా వచ్చే కారు బంపర్ మీద ఫోకస్ పడితే డ్రైవర్ హెల్మెట్ మెత్తబడుతుంది. పాయింటు ముందు అద్దం మీద, బైకైతే హెల్మెట్ మీద పెట్టాలి. అసలు మలుపు ఎదురుగా అంత దగ్గర నిలబడకూడదు. అదుపు తప్పిన బండి వచ్చేది అటే. లోపలి వైపు 30 మీటర్లకు జరిగితే లోతు రెండు మీటర్లు దాటుతుంది, తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. పక్క నుంచి వెళ్లే కారు మొత్తం, చుట్టూ కాస్త ఖాళీతో ఫ్రేములో పట్టాలంటే ఎలాగూ 50 మీటర్ల దూరం కావాలి. అక్కడ లోతు ఆరు మీటర్లపైనే. బైక్‌కు 30 మీటర్లు చాలు.

వెలుగు మరీ పడిపోయాక ఐఎస్ఓ పెంచుకుంటూ పోవడం కన్నా ప్యానింగ్‌కు, అంటే బండితో పాటే కెమెరాను తిప్పుతూ తీయడానికి, మారడం మేలు. 1/500కు ఐఎస్ఓ 1600 అడిగిన వెలుగులోనే 1/125కు 400 సరిపోతుంది. బొమ్మ కూడా బాగుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం సెకనుకు పదకొండు, పన్నెండు చుట్లు తిరుగుతుంది. 1/1000లో అది కదిలేది నాలుగు డిగ్రీలే, కారు పార్కింగ్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. 1/125లో ముప్పై డిగ్రీలు దాటుతుంది, చువ్వలు సాగి వేగం కళ్లకు కడుతుంది. గాల్లోకి ఎగిరే బైక్‌కు మాత్రం 1/1000కు తగ్గకండి, అవి ఉన్న వెలుగులోనే ముందుగా తీసేసుకోండి.

ప్యానింగ్‌కు స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు, లెన్స్ పేరులోని ఐఎస్ ఇదే) మీట రెండో మోడ్‌లో ఉండాలి. మొదటి మోడ్‌లో వదిలేస్తే లెన్స్ మీ తిప్పుడునే వణుకనుకుని ఆపబోతుంది, వ్యూఫైండర్లో బొమ్మ తడబడుతుంది. బండి ఫ్రేములోకి రాకముందే షట్టర్ సగం నొక్కి పట్టుకోండి; స్టెబిలైజర్ కుదురుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. బండి దాటిపోయాక కూడా చేయి ఆపొద్దు. ఏటవాలు మలుపులో బండి కిందికీ పక్కకూ ఒకేసారి కదులుతుంటే రెండో మోడ్ కూడా అయోమయపడుతుంది. అక్కడ స్టెబిలైజర్ ఆపేసి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద తీయడమే నయం. లెన్స్‌ను స్టాండుకు బిగించే కాలర్ స్క్రూ కొంచెం వదులు చేస్తే కెమెరా నిలువుకూ అడ్డానికీ సులువుగా తిరుగుతుంది.

దుమ్ములో ఈ లెన్స్ బలం దాని నిర్మాణం. జూమ్ చేసినా గొట్టం బయటికి సాగదు, అంతా లోపలే కదులుతుంది. సాగే లెన్సులు ప్రతి జూమ్‌కూ గాలితో పాటు ఎర్రదుమ్మునూ లోపలికి లాక్కుంటాయి. సెట్టింగుల్లో మూడు తప్పనిసరి. ఫోకస్ లిమిటర్ మీట 2.5 మీటర్ల వైపు పెట్టండి. పొగమంచులో పట్టు జారినా దగ్గరి దూరాలన్నీ వెతుక్కుంటూ కూర్చోదు. ట్రాకింగ్ సెన్సిటివిటీ (అడ్డొచ్చిన దాని మీదికి ఫోకస్ ఎంత త్వరగా మారాలో చెప్పే సెట్టింగు) మైనస్ వైపు జరపండి; 7డీ మార్క్ టూలోనైతే ఫోకస్ మెనూలో కేస్ 2. లేకపోతే ముందు బండి లేపిన దుమ్ము మీదికి ఫోకస్ ఎగిరిపోతుంది. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో కట్టేయండి. ఆటోలో ఉంచితే ఫ్రేము నిండా ఎర్రదుమ్ము చూసి కెమెరా దాన్ని చంపాలని చూస్తుంది, తెల్ల బండి నీలంగా మారుతుంది. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి మీద ఈ బెడద తక్కువ, అక్కడ ఎక్స్‌పోజర్ చూసుకోవాలి: నల్లమట్టి ఎక్కువుంటే బొమ్మ తేలిపోతుంది, కొంచెం తగ్గించండి. పొగమంచైతే తిరగేసి, ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) దాకా పెంచండి.

ఇక లోపాలు. ఎదురెండలో కాంట్రాస్ట్ పడిపోతుంది. మన చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాడు కాబట్టి ఈ లోపం తరచూ తగులుతుంది. ఈటీ-87 హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం) లేకుండా ఈ లెన్స్ బయటికి తీయొద్దు; ముందు గాజు మీద మంచు పట్టకుండా కూడా అది కొంత కాపాడుతుంది. ఎదురెండ ఫొటోలే మీ ఇష్టమైతే మూడో తరానికి ఎక్కువ పెట్టడంలో అర్థం ఉంది.

రెండోది, దూరం అందకపోవడం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల రేసు) లాంటి సిటీ రేసులో 200 ఎంఎం చాలని చోట్లు ఎక్కువ. 1.4 ఎక్స్ ఎక్స్‌టెండర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి జూమ్ పెంచే ముక్క) వేస్తే 280 దాకా పోతుంది, ఒక స్టాప్ పోతుంది, ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. మంచి ఎండున్నంత సేపే దాన్ని వాడండి. వేయడం, తీయడం కారులో అద్దాలు ఎక్కించుకునే చేయండి. ఇనుప జాలీ అడ్డమొస్తే లెన్స్‌ను జాలీకి వీలైనంత దగ్గర పెట్టి ఎఫ్/2.8లో తీయండి, తీగలు దాదాపు మాయమవుతాయి.

ఫ్లడ్‌లైట్ల కింద జరిగే పోటీల్లో లెన్స్‌ను తిట్టే ముందు దీపాలను అనుమానించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/500లో ఒక ఫ్రేము వెలుగ్గా, పక్క ఫ్రేము చీకటిగా వస్తుంది. ఈ రెండు బాడీల్లోనూ యాంటీ ఫ్లికర్ ఉంది, ఆన్ చేయండి. క్లిక్ రవ్వంత ఆలస్యమవుతుంది, అది భరించదగ్గదే.

కొనేటప్పుడు హనుమకొండ షాపులోనైనా, ఎవరి ఇంట్లోనైనా మొబైల్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. వానాకాలం తేమకు సంచిలోనే మగ్గిన లెన్సుల్లో సాలెగూడు లాంటి ఫంగస్ కనిపిస్తుంది, అలాంటిది ఎంత చవకైనా వద్దు. నాలుగైదు దుమ్ము రేణువులు ఫొటోలో కనపడవు, వాటికోసం బేరం వదులుకోకండి. జూమ్ రింగు ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. తర్వాత 10 మీటర్ల దూరంలో ఒక నంబర్ ప్లేటును 200 ఎంఎం, ఎఫ్/2.8లో తీసి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) తీసిన దానితో పోల్చండి. వ్యూఫైండర్‌తో తీసింది మెత్తగా ఉంటే కెమెరా మెనూలోని మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో (ఫోకస్ సవరణ) సరిచేయొచ్చు. 70కి, 200కి విడివిడిగా పెట్టుకోవాలి. లైవ్ వ్యూలోనూ ఒక పక్క మెత్తగానే ఉంటే లోపల గాజు పక్కకు జరిగినట్టే, ఆ లెన్స్ వదిలేయండి.