సంఘం మీటింగుల్లో ఏఐ నోట్స్ యాప్ మూడు నెలలు వాడాక

మాది అనంతపురం. పొదుపు సంఘాలకు, రైతు గ్రూపులకు మీటింగులు నడిపించడం నా పని, పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నా. నడిపించడమంటే నేను మాట్లాడటం కాదు, వచ్చినవాళ్లందరిచేత మాట్లాడించడం, ఎవరి మాటా కింద పడకుండా చూసుకోవడం, గొడవొస్తే దాటేయకుండా అందరి ముందూ తేల్చడం. మూడు నెలల కిందట ఒక ఏఐ యాప్‌కు డబ్బు కట్టాను, నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు పడుతుంది. మీటింగు రికార్డు చేస్తే తెలుగులో రాసిస్తుంది, సారాంశం కూడా తీసిస్తుంది. దాంతోపాటు పోల్స్, చాట్‌బాట్ కూడా వాడి చూశాను. ఇదే పనిలో ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. యాప్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే నాకొచ్చిన ఇబ్బందులు ఆ ఒక్క కంపెనీవే అని నేననుకోవడం లేదు, మన రాయలసీమ మాట ఇంకా ఈ మెషీన్లకు సరిగ్గా ఎక్కలేదు, అసలు విషయం అది.

మంచి ముందు చెప్తా. మినిట్స్, అంటే మీటింగులో ఎవరేమన్నారో ఏం తేలిందో రాసిపెట్టడం, నాకు పెద్ద భారం. రెండున్నర గంటల మీటింగు అయ్యాక బస్సులో ఇంటికొచ్చి, అన్నం తిని, నోట్‌బుక్‌లో గీసుకున్న ముక్కలన్నీ కూర్చుకుని రాసేసరికి రాత్రి పన్నెండు దాటేది. ఇప్పుడు గంటన్నరలో అయిపోతోంది. అంతకంటే పెద్ద లాభం ఏమిటంటే మీటింగులో తల వంచుకుని రాసుకునే పని తగ్గింది, మనుషుల ముఖాలు చూడగలుగుతున్నా. ఎవరో ఏదో అనబోయి ఆగిపోయారంటే అది తల ఎత్తి చూస్తేనే కనపడుతుంది. ఈ ఒక్కదానికే డబ్బు దండగ కాలేదనిపించింది.

కానీ రెండో నెలలో జరిగింది చెప్పాలి. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె, ఊళ్లో బోర్లు ఒకటొకటే ఎండిపోతున్నాయి, రెండేళ్లు కొత్త బోరు వేయకుండా ఉన్న నీళ్లు పంచుకుందామా అన్నది చర్చ. బోరున్నవాళ్లు సరే అన్నారు. బోరు లేని ఒకామె లేచి, మాకు ఎన్ని తడులు, అంటే పంటకు ఎన్నిసార్లు నీళ్లు, ఇస్తారో కాగితం మీద రాయకుండా "మేము ఒప్పుకునేది ల్యా" అంది. మన దగ్గర "లేదు" అనడానికి చాలామంది "ల్యా" అంటారు కదా, ఆ చివరి ముక్కను యాప్ వదిలేసింది. రాతలో "మేము ఒప్పుకునేది" అని మాత్రమే మిగిలింది. ఆ రాత మీద సారాంశం తీస్తే "సభ్యులందరూ అంగీకరించారు" అని వచ్చింది, చక్కటి తెలుగులో, ఒక్క అచ్చుతప్పు లేకుండా. నాకు ఆమె గొంతు చెవిలో ఉంది కాబట్టి అనుమానం వచ్చి రికార్డింగ్ మళ్లీ విన్నా. వినకపోయుంటే అదే తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేది, దాని కింద ఆమెచేతే సంతకం పెట్టించేవాళ్లం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి గమనిస్తున్నా, ఇది ఒక్క మాట తప్పు వినడంతో పోయే సంగతి కాదు. రాత సరిగ్గా వచ్చిన రోజు కూడా సారాంశంలో ఎదురు మాట చిన్నదైపోతుంది. పదిమంది సరే అని ఇద్దరు గట్టిగా వద్దంటే, ఆ ఇద్దరూ "కొన్ని సందేహాలు వ్యక్తమయ్యాయి" అన్న ఒక్క వాక్యంలో ఇమిడిపోతారు. నా పనిలో ఆ ఇద్దరే ముఖ్యం. ఎందుకు వద్దంటున్నారో తేలకపోతే ఆ తీర్మానం ఆరు నెలలు కూడా నిలబడదు, అలా కూలిపోయినవి చాలా చూశా. ఇప్పుడు సారాంశం అడిగేటప్పుడు "ఎవరెవరు ఒప్పుకోలేదు, వాళ్ల మాటల్లోనే రాయి" అని విడిగా అడుగుతున్నా, కొంత మెరుగ్గానే వస్తోంది, అయినా రికార్డింగ్‌తో సరిచూడకుండా ఏదీ పుస్తకంలోకి ఎక్కించడం లేదు.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తా. ఇరవై ముగ్గురు కూర్చున్న మీటింగులో నలుగురే మాట్లాడినట్టు లెక్క చూపించింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గొంతు పెద్దదున్నవాళ్లదే రాసుకుంటుంది. పంట నూర్చే కళ్లం అంటే కలం అని రాసింది. ఫ్యాన్ కింద ఫోన్ పెడితే ఇంక చెప్పనక్కర్లేదు, ఫోన్‌ను మధ్యలో చాప మీద, కింద మడతపెట్టిన టవల్ వేసి పెడితే చాలా తేడా ఉంది.

రికార్డింగ్ గురించి ఇంకో మాట. మొదటి మీటింగులోనే ఒక అవ్వ ఫోన్ వైపు చూసి "ఏమ్మా, మేం మాట్లాడేదంతా ఇది యాడికి పంపిస్తాది?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు, ఇంటికొచ్చి యాప్ షరతులన్నీ చదివా, ఆడియో వాళ్ల సర్వర్లో దాచిపెడతారని, మనం చెరిపేసేదాకా ఉంటుందని అర్థమైంది. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా మనిషి సమ్మతే ప్రధానం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అప్పుల గురించి, ఇంట్లో గొడవల గురించి మాట్లాడుకునే చోట ఫోన్ వింటోందని తెలిస్తే ఎవరు నోరు విప్పుతారు? ఇప్పుడు మొదట్లోనే అందరినీ అడిగి, ఒక్కరు వద్దన్నా ఆపేస్తా. బాకీల లెక్క మొదలయ్యేసరికి రికార్డింగ్ ఆపి ఫోన్ బ్యాగులో పెట్టేస్తా, వాళ్లు చూస్తుండగా.

పోల్స్ విషయానికొస్తే నాకు బాగా నచ్చింది మెంటీమీటర్, ఫోన్లోనే ఓటేయించి ఫలితం తెర మీద చూపించే సాధనం. అనంతపురంలో యానిమేటర్ల, అంటే ఊళ్లో పొదుపు సంఘాల పని చూసేవాళ్ల, ట్రైనింగులో వాడాను, అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్లున్నాయి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. "మీ సంఘంలో లీడర్ కాని సభ్యుల మాట చెల్లుతోందా?" అని అడిగితే చేతులెత్తినప్పుడు దాదాపు అందరూ చెల్లుతోందన్నారు. అదే ప్రశ్న ఫోన్లో అడిగితే, పేరు కనపడదు కదా, 31 మందిలో 19 మంది లేదని నొక్కారు. తెర మీద ఆ అంకె చూసి గది మొత్తం ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉంది, ఆ తర్వాత నడిచిన గంట చర్చ నా సర్వీసులో చూసిన మంచి చర్చల్లో ఒకటి.

పల్లెలో అది కుదరదు. సగం మంది దగ్గర మామూలు ఫోనే. వాట్సాప్ పోల్ పెడదామంటే ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనపడుతుంది, అత్తా కోడలూ ఒకే సంఘంలో ఉన్నచోట దాన్ని రహస్య ఓటు అనుకుని వాడకండి. నేను పాత పద్ధతే వాడుతున్నా: బడి తలుపు వెనక రెండు ముంతలు, ఒక్కొక్కరికి ఒక చింతపిక్క. పిక్కలను అందరి ముందూ నేల మీద పోసి లెక్కించుకుంటారు, దాన్ని ఎవరూ అనుమానించరు.

మీటింగు ముందు తయారీకి చాట్‌బాట్ పనికొస్తుంది, కానీ ప్రశ్నలు దానిచేత రాయించుకోకండి. మొదట్లో అందరూ చనువుగా కలవడానికి ఏదైనా చెప్పమంటే మీకిష్టమైన సెలవు విహారం గురించి చెప్పండి అని ఇచ్చింది, వేరుశనగ పోగొట్టుకున్న రైతులను అడిగే ప్రశ్నేనా అది. ఇంగ్లిష్‌లో ఉన్న స్కీము కాగితాలను తేలిక తెలుగులో పెట్టడానికి మాత్రం బాగుంది. కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమా మార్గదర్శకాలు ఇస్తే ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం వరకూ అని సరిగ్గానే తీసిచ్చింది, నేను అసలు కాగితంతో పోల్చి చూసుకున్నాకే చదివి వినిపించాను.

అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ బోర్డుల మీద పని చేసేవాళ్లకు ఒకటి: గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో మూతపడింది, ఏ బోర్డయినా అంతే, మీటింగు అయిన రోజే పీడీఎఫ్ తీసి పెట్టుకోండి.

ఇదంతా రాస్తుంటే ఒకటి గుర్తొస్తోంది. 2000 దశకంలో మన జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో రైతుల భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచి, బోర్లలో నీటి మట్టం కొలిచి, ఊరి గోడ మీద రాసుకుని, ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో అందరూ కూర్చుని లెక్క వేసుకునేవారు. లెక్క తమ చేతుల్లో తయారైంది కాబట్టి దాన్ని నమ్మారు. అందుకే నేను కూడా ఇప్పుడు యాప్ రాసిన కాగితాన్ని తర్వాతి మీటింగు మొదట్లో పూర్తిగా చదివి వినిపిస్తున్నా. బోరు లేని ఆమె మాటను సరిదిద్ది చదివిన రోజు, ఆమె "ఆ, అట్లనే అన్న్యా. తడుల సంగతి గూడా రాయి" అంది. ఎకరాకు ఎన్ని తడులో ఆ రోజే తేల్చి తీర్మానంలో రాసుకున్నారు, ఆమె సంతకం పెట్టింది.

ఐదుకు మూడు ఇస్తా. మీటింగులు ఎక్కువున్న నెలల్లో మాత్రమే డబ్బు కడతా. మీరు కొనే ముందు మీ ఊరివాళ్లు ఐదారుగురు మామూలుగా మాట్లాడుకునే పది నిమిషాలు రికార్డు చేసి ఉచిత వెర్షన్‌లో వేసి చూడండి, అందులో "ల్యా" అన్న చోటల్లా ఏం రాసిందో వెతకండి.