బడిలో కౌన్సెలర్: పూర్తికాల ఉద్యోగా, ఉపాధ్యాయుడా, వచ్చిపోయే నిపుణుడా?

విద్యార్థి మనసులోని కష్టాన్ని వినే బాధ్యత ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకు పాఠశాలల ముందు మూడు మార్గాలున్నాయి: పూర్తికాల కౌన్సెలర్‌ను నియమించుకోవడం, ఉన్న ఉపాధ్యాయుల్లో ఒకరికి శిక్షణ ఇప్పించి అదనపు బాధ్యత అప్పగించడం, నిర్ణీత రోజుల్లో బయటి నిపుణుడిని రప్పించడం.

ఉపాధ్యాయుడికి ఉన్న అనుకూలత చిన్నది కాదు. నిన్నటిదాకా ముందు వరుసలో కూర్చున్న పిల్ల చివరి బెంచీకి మారినా, నోటుపుస్తకం సగంలో ఆగిపోయినా మొదట కనిపెట్టేది ఆయనే. అయితే మార్కులు వేసి, క్రమశిక్షణ చర్య తీసుకుని, తల్లిదండ్రులకు ఫిర్యాదు చేసే వ్యక్తి దగ్గరే భయాన్నో అవమానాన్నో చెప్పుకోమంటే ఎంతమంది పిల్లలు నోరు విప్పుతారు? ఇది ఆయన మంచితనానికి సంబంధించిన విషయం కాదు. రెండు పాత్రలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

బయటి నిపుణుడికి ఆ చిక్కు లేదు, పైగా తీవ్రమైన సమస్యల్లో అనుభవమూ ఎక్కువ ఉండవచ్చు. కానీ సోమవారం ఏడ్చిన పిల్లవాడు ఆయన వచ్చే గురువారం వరకు ఆగలేడు.

కౌన్సెలర్ పని కేవలం సంక్షోభాలను చక్కదిద్దడమే అయితే వచ్చిపోయేవారితో కొంతవరకు సరిపెట్టుకోవచ్చు. నిజానికి ఈ వృత్తి మొదలైంది ఉపాధి మార్గదర్శకత్వంతో; 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ నెలకొల్పిన కార్యాలయం యువతకు తగిన వృత్తిని ఎంచుకోవడంలో తోడ్పడేది. తరవాతి కాలంలో తరగతి మొత్తానికి చెప్పే పాఠాలు, చిన్న బృందాలతో చర్చలు, విడిగా మాట్లాడటం, తల్లిదండ్రులతో సంప్రదింపులు, అవసరమైతే వైద్యుల వద్దకు పంపడం ఇందులో చేరాయి. దీర్ఘకాలిక చికిత్స మాత్రం బడి కౌన్సెలర్ పని కాదు. ఈ సేవలన్నీ పరిచయం మీద, నమ్మకం మీద నిలుస్తాయి కాబట్టి, రోజూ వరండాలో కనిపించే మనిషికే అవి సాధ్యమవుతాయి. చెప్పిన మాట గోప్యంగా ఉంటుందనీ, ప్రాణహాని లేదా వేధింపుల ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం సంబంధిత పెద్దలకు చెప్పక తప్పదనీ మొదటి రోజే పిల్లలకు వివరించాల్సిందీ ఆ మనిషే.

అందువల్ల నా ఓటు పూర్తికాల కౌన్సెలర్‌కే, అదీ ఒక గట్టి షరతుతో. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలనీ, ఆ కౌన్సెలర్ సమయంలో 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులకు ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఉపయోగపడే సేవలకే దక్కాలనీ సిఫారసు చేస్తుంది. వెయ్యిమందికి ఒక్కరిని పెట్టి, ఆ ఒక్కరికీ పరీక్షల పర్యవేక్షణ, సెలవు పెట్టినవారి తరగతులు, దస్త్రాల పని అంటగడితే తలుపు మీద పేరు తప్ప పిల్లలకు మిగిలేదేమీ ఉండదు. నన్ను అన్నిటికన్నా బాధించేది ఈ వృథాయే.

పూర్తికాల నియామకానికి స్తోమత లేని పాఠశాల బయటి నిపుణుడిని ఎంచుకోవడం మేలు. కాకపోతే ప్రతిసారీ ఒకే వ్యక్తి, ముందే తెలిసిన రోజుల్లో రావాలి. ఉపాధ్యాయుడు గమనించి, పిల్లవాడిని ఆ నిపుణుడి దగ్గరకు చేర్చేవరకే బాధ్యత తీసుకోవాలి. ఆ రోజుల మధ్య అత్యవసరం వస్తే ఎవరిని పిలవాలో బడిలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.